మామయ్యగారి లారీ, నా గొంతు

మొన్న మా కోడలు నన్ను గుంటూరు బ్రాడీపేటలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. టీవీ శబ్దం పెంచుతున్నానని, ఫోనులో ఒకటడిగితే ఇంకోటి చెబుతున్నానని తన ఫిర్యాదు. అక్కడ నన్నొక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు తొడుగులు పెట్టి, చేతికో మీట ఇచ్చి, శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కమన్నారు. మొదట్లో బాగానే వినపడింది, రానురాను ఆ శబ్దం సన్నబడి సన్నబడి ఉందో లేదో తెలియకుండా పోయింది. అద్దానికి అవతల కూర్చున్న అమ్మాయి చెయ్యి మాత్రం నాకు కనపడుతూనే ఉంది కనక, ఆ చెయ్యి కదిలినప్పుడల్లా నేనూ మీట నొక్కుతూ పోయాను. కాసేపటికి ఆ పిల్ల తలుపు తీసి, తన చెయ్యి చూసి నొక్కొద్దనీ వినపడితేనే నొక్కమనీ నవ్వుతూ చెప్పింది. బళ్ళో ఏళ్ళ తరబడి పిల్లలు కాపీ కొడుతుంటే పట్టుకున్నదాన్ని, ఈ వయసులో నేనే దొరికిపోయాను.

మా కోడలు ఇంటికొచ్చేదాకా ఆ మాట చెప్పుకుని నవ్వుతూనే ఉంది. నేనూ నవ్వాను గానీ, ఆటోలో కూర్చున్నాక ఎందుకో కళ్ళు చెమర్చాయి. వినపడని మనిషి ఎదుటివాళ్ళ చేతుల్నీ ముఖాల్నీ చూసి ఎలా నెట్టుకొస్తాడో నేను ఇదివరకే ఒకరిలో చూశాను. ఆయన మా మామగారు.

నా పుట్టిల్లు గుంటూరు. మా నాన్న హైస్కూల్లో మాస్టారు, చాలా నెమ్మదస్తుడు, మా ఇంట్లో పెద్దవాళ్ళు గానీ పిల్లలు గానీ గొంతు పెంచి మాట్లాడింది నేను వినలేదు. అలాంటి ఇంట్లోంచి నన్ను అద్దంకిలో లారీ ఉన్న ఇంటికి ఇచ్చారు. అప్పటి లారీలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి, ఇంజను ముక్కులాగా ముందుకు పొడుచుకొచ్చి, చెక్క బాడీతో, ఎత్తయిన అంచులతో ఉండేవి. మామయ్యగారు అలాంటి పాత లారీ ఒకటి కొనుక్కుని తనే నడుపుకునేవారు. పత్తి రోజుల్లో గింజ తీసే జిన్నింగు మిల్లులకు పత్తి బోరాలు, మిర్చి రోజుల్లో గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, అంటే కుక్కి కట్టిన బస్తాలు, మధ్యలో శనగలో సుబాబుల్ కర్రో ఏది దొరికితే అది. అత్తగారు నేను రాకముందే పోయారు. మా ఆయన ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా. లారీ ఓనరు కొడుకై ఉండీ డీజిలు వాసన పడక బస్సులో కూడా కిటికీ పక్కనే కూర్చునే మనిషి. తండ్రి ఈ వయసులో బండి నడపడం ఆయనకు మొదటినుంచీ ఇష్టం లేదు, ఏ చిన్న సాకు దొరికినా లారీ అమ్మించేయాలని చూసేవాడు.

పెళ్ళయిన కొత్తలోనే నాకు గుండ్లకమ్మ ఏటికి అవతల ఒక ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. ఆ ఊరికి పొద్దున పూట వెళ్ళే బస్సు బడి గంట కొట్టాక గానీ చేరేది కాదు. ఏం చెయ్యాలా అని మా ఆయన తల పట్టుకుంటుంటే, నేను రోజూ ఆ దారినే పోతాను గదా, అమ్మాయిని దింపి పోతాను అన్నారు మామయ్యగారు. కొత్త కోడలు లారీ ముందు సీట్లో మామగారి పక్కన కూర్చుని పోవడమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. లారీ ఎక్కితే పోయే పరువు బడికి ఆలస్యంగా పోతే మిగులుతుందా అని ఆయన మర్నాడే నన్ను బండెక్కించారు. ఆ రోజు నుంచీ క్లీనరు, ఆయనొక బుర్రమీసాల పెద్దమనిషి, మాకు దూరపు చుట్టం కూడాను, నేను ఎక్కగానే కేబిన్ దిగి వెనక ఖాళీ బాడీలోకి పోయి కూర్చునేవాడు.

మామగారి ఎదుట కోడలు కూర్చోకూడదు, గొంతు ఎత్తకూడదు అనేది అప్పటి పద్ధతి. కూర్చోకూడదన్న సగం ఎలాగూ పోయింది కనక, మిగతా సగాన్ని నేను మరీ గట్టిగా పట్టుకున్నాను. చెప్పాల్సిందేదైనా తల వంచుకుని, పమిట చెంగుకు చెప్పుకుంటున్నట్టు గొణిగేదాన్ని. ఆయన తలూపి ఊరుకునేవారు. సాయంత్రం బస్సుకు వస్తానండీ అన్నా తల ఊపేవారు, రేపు బడికి సెలవండీ అన్నా తల ఊపేవారు, సెలవు రోజున తీరా బండి స్టార్టు చేసుకుని నాకోసం ఎదురు చూసేవారు. పెద్దమనిషి, మితంగా మాట్లాడతారు అనుకున్నాను నేను. పిల్ల మంచిది, నోట్లో నాలుక లేదు అనుకున్నారు ఆయన. ఇద్దరి మర్యాదా కలిసి ఒక పెద్ద సంగతిని కప్పేసిందని అప్పుడు నాకు తెలియదు. పైగా ఆయన మాట్లాడితే వీధి చివరికి వినపడేది. లారీల వాళ్ళు, యార్డులో బస్తాలు మోసే ముఠా వాళ్ళు, పొలాల్లో రైతులు అందరూ అలాగే మాట్లాడతారు కనక అందులోనూ నాకు వింతేమీ తోచలేదు.

మిర్చి బళ్ళు మొదలయ్యే రోజుల్లో లారీకి జబ్బు చేసింది. గుండ్లకమ్మ వంతెన దాటాక రోడ్డు కాస్త ఎత్తెక్కుతుంది, ఖాళీ బండితో అవలీలగా ఎక్కే ఆ ఎత్తు ఎక్కడానికి ఆయన గేరు మీద గేరు తగ్గించాల్సి వచ్చేది. పుల్లింగ్ పోయిందమ్మా అనేవారు. పుల్లింగ్ అంటే బండి లాగే సత్తువ. నాకు మాత్రం ఇంకోటి కూడా తెలుస్తుండేది. బండి నిలబెట్టి ఉంచినప్పుడు ఇదివరకు ఇంజను ఒకే తూకంగా కొట్టుకునేది, ఇప్పుడు మధ్యమధ్య తడబడుతోంది. పిల్లలంతా వరసగా ఎక్కాలు వల్లిస్తుంటే ఒకడు మాత్రం ప్రతిసారీ తన వంతుకు నోరు మూసుకున్నట్టు, ఒక దెబ్బ పడాల్సిన చోట పడటం లేదు. దీన్ని మిస్సింగ్ కొట్టడం అంటారని తర్వాత తెలిసింది. ముందు అద్దం కింద సొరుగులో పెట్టిన నా టిఫిన్ క్యారియరు గజగజలాడేది. ఆయన పుల్లింగ్ గురించే మాట్లాడుతున్నారు గానీ ఈ మిస్సింగ్ ఊసెత్తరేమిటా అనుకునేదాన్ని. ఇంజన్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి చెప్పబోవడమంటే తాతకు దగ్గులు నేర్పడమే కదా అని నోరు మూసుకున్నాను.

ఆయన మాత్రం తనకు తోచిన వైద్యమల్లా చేశారు. డీజిలు ఫిల్టరు మార్చారు, గొట్టాల్లో గాలి చేరిందేమోనని పంపు దగ్గర మర వదులుచేసి గాలి తీశారు, బండి ఊగుతోంది కనక ఇంజను కింద రబ్బర్లు అరిగాయని అవీ మార్పించారు. ఒక ఆదివారం ఇంజను గాలి పీల్చే డబ్బా విప్పి, వీధి అరుగుకేసి దులిపారు. అందులో పోయినేటి పత్తి పీచూ, దాంతోపాటు పేరుకున్న మిర్చి దుమ్మూ ఒక్కసారిగా లేచాయి. ఆ రోజు మా వీధి వీధంతా తుమ్ములే తుమ్ములు. పెళ్ళిచూపులకొచ్చిన ఎవరో మా పక్కింటి అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే, సంబంధం కుదరకముందే అప్పగింతలు అయిపోయాయని మా ఆయన హాస్యమాడాడు. ఇంత చేసినా లారీ మాత్రం ఎత్తు దగ్గర అలాగే మొరాయించింది, నిలబడితే అలాగే తడబడింది.

చివరికి ఒకరోజు పొద్దున నన్ను దింపడానికి పోతూ పోతూ బండిని మెకానిక్ షెడ్డు ముందు ఆపారు. ఆ మెకానిక్ మామయ్యగారి దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఆయనంటే భయం, భక్తీ కూడా. ఇంజను నిదానంగా తిరుగుతుండగా ఒక్కో సిలిండరు దగ్గర డీజిలు వెళ్ళే సన్నగొట్టం నట్టు వదులుచేస్తారు, వదులుచేస్తే ఆ సిలిండరుకు డీజిలు అందదు. అది బాగా పనిచేసేదైతే ఇంజను మోత దిగిపోయి ఇంకా కుంటుతుంది. అది అప్పటికే పనిచేయనిదైతే మోతలో తేడా ఉండదు. ఏది ఆపినా ఏ తేడా రాదో అదే జబ్బుది. మా వైపు ఒక మర్యాద ఉండేది, నట్టు వదిలేది మెకానిక్ అయినా, ఏది జబ్బుదో చెప్పాల్సింది బండి నడిపే మనిషి. ఆయన చెప్పాకే విప్పుతారు. మామయ్యగారి చెవికి ఆ చుట్టుపక్కల పెద్ద పేరు, ఇతరుల లారీల్ని కూడా తెచ్చి వినిపించుకునేవారట.

నేను కేబిన్లోనే కూర్చున్నాను. మెకానిక్ ఒకటోది వదిలాడు, మోత దిగింది. బిగించి, రెండోది వదిలాడు, దిగింది. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. ఐదోది వదిలితే మాత్రం ఇంజను పట్టించుకోకుండా అదే తడబాటు తడబడుతూ ఉండిపోయింది. బండి గురించి ఓనమాలు తెలియని నాకే తెలిసిపోయింది. మామయ్యగారు ఇంజను వైపు చూడటం లేదు, మెకానిక్ ముఖంలోకి చూస్తున్నారు. అతనేమో గురువుగారు చెప్పకముందే తను బయటపడకూడదని ముఖం తిప్పుకుని నిలబడ్డాడు. అందరూ ఎదురు చూస్తున్నారు. మామయ్యగారు, మూడోది అన్నారు. మెకానిక్ ఒక్క క్షణం తెల్లబోయాడు, ఆయనకు వినపడ్డది తనకు వినపడలేదనుకున్నాడో ఏమో, మూడోదాని నాజిల్, అంటే సిలిండరులోకి డీజిలు చిమ్మే ముక్క, విప్పాడు. దాన్ని ఒంగోలు పంపి పరీక్ష చేయిస్తే, నిక్షేపంలా ఉందని తిరిగొచ్చింది. బిగించాక మామయ్యగారు ఇప్పుడు నయంగా ఉందన్నారు. ఏమీ నయం కాలేదు. ఆ రోజు స్టీరింగు పట్టుకున్న ఆయన ముఖంలో నేను మొదటిసారి భయం చూశాను, ఎందుకో మాత్రం నాకు అర్థం కాలేదు.

అర్థమైంది ఒక తెల్లవారుజామున, వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే. ఆయన బండి స్టార్టు చేసి, బానెట్ పక్కరేకు పైకెత్తి, నా దగ్గరికొచ్చి చెంబుతో నీళ్ళు అడిగి తీసుకున్నారు. రోజూ బండికి దండం పెట్టుకుని నాలుగు చుక్కలు చల్లుతారు కనక అదే అనుకున్నాను. ఆయన చల్లింది అక్కడ కాదు. ఇంజను పక్కన పొగ బయటికి పోయే ఇనప గొట్టానికి ఒక్కో సిలిండరు దగ్గర్నుంచీ ఒక్కో కొమ్మ వచ్చి కలుస్తుంది. ఆ కొమ్మల మీద వరసగా, వేళ్ళతో కొద్దికొద్దిగా చిలకరిస్తున్నారు. చెంబెత్తి పోస్తే పోత ఇనుము పగులుతుందట. ఇంజను అప్పుడే వేడెక్కుతోంది. ఒకదాని మీద పడ్డ నీళ్ళు చుర్రుమని ఆవిరైపోయాయి, రెండోదాని మీదా అంతే. దోసె వెయ్యబోయే ముందు పెనం కాలిందో లేదో మనం ఎలా చూస్తామో సరిగ్గా అలాగే. ఐదో కొమ్మ మీద మాత్రం నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడి మెల్లగా కిందికి జారాయి. దాని లోపల మంట మండటం లేదు.

"ఐదోది చల్లగా ఉందమ్మా. దొంగ ఇదే" అన్నారు నావైపు తిరిగి, చిన్నపిల్లవాడిలా నవ్వుతూ.

నేను ఉండబట్టలేక, ఆ రోజు షెడ్డులోనే నాకు వినపడిందండీ అన్నాను, ఎప్పటిలాగే గొణుగుతూ. ఆయన తలూపారు. అది అవునన్న తలూపు కాదు, ఏమీ వినపడని మనిషి తలూపు. ఆ షెడ్డు, ఆ మూడోది అనడం, సెలవు రోజున నాకోసం ఎదురు చూడటం అన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి. మళ్ళీ అన్నాను, కాస్త గట్టిగా. ఆయన నా పెదాల వైపు చూశారు. ఇంకా గట్టిగా అన్నాను. పుట్టి బుద్ధెరిగి అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు నేను. అప్పుడు వినపడింది ఆయనకు. నవ్వు ఆగిపోయింది. చెంబు కింద పెట్టి, కండువాతో చేతులు తుడుచుకున్నారు.

"అబ్బాయికి చెప్పబాకమ్మా. చెప్పిన రోజునే బండి అమ్మేస్తాడు" అన్నారు. ఎప్పుడూ వీధి చివరికి వినపడే ఆ గొంతు ఆ పూట నాకే సరిగ్గా వినపడలేదు.

నేను ఊరికే ఒప్పుకోలేదు, రోడ్డు మీద నలుగురి ప్రాణాలు కదా. నేను పక్కన ఉన్నంతసేపూ వెనక హారన్లు నేను వింటానని, చెయ్యి ఎత్తితే పక్కకు తప్పుకోవాలని, నేను దిగాక క్లీనరు కేబిన్లోకి వచ్చి కూర్చుని ఆ పని చెయ్యాలని, ఒప్పుకుంటేనే నోరు విప్పనని చెప్పాను. అరిచి చెప్పాను అనాలి నిజానికి. ఆయన బడిపిల్లవాడిలా అన్నిటికీ ఒప్పుకున్నారు, నా చేత మాత్రం ఒట్టు వేయించుకున్నారు. ఆ రోజే షెడ్డుకు పోయి ఐదో నాజిల్ విప్పిస్తే, దానిలో సూది ఇరుక్కుపోయి, డీజిలు చిమ్మాల్సింది పోయి చుక్కలు చుక్కలుగా కారుతోందట. కొత్తది వేశారు. మర్నాడు వంతెన దాటాక ఆ ఎత్తు మీద లారీ ఒక్క గేరు కూడా తగ్గించకుండా ఎక్కేసింది. నిలబెట్టినప్పుడు ఇంజను ఎలా ఉందని ఆయన నన్ను కళ్ళతో అడిగారు, చక్కగా ఉందని నేను అరిచాను. ఆయన గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు, నేను చెప్పింది చేతితో విందామన్నట్టు.

అక్కడి నుంచి మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. కేబిన్లో ఆయన కబుర్లు చెప్పని రోజు లేదు. అత్తగారు ఎలా ఉండేవారో, ఆవిడకు కొత్తపట్నం సముద్రం చూపిస్తానని ఎన్నేళ్ళు తిప్పారో, చివరికి తీసుకెళితే నీళ్ళు చూసి ఆవిడ ఒడ్డునే ఎలా కూర్చుండిపోయారో అన్నీ చెప్పేవారు. నేనూ గొంతు చించుకుని నా బడి సంగతులు చెప్పేదాన్ని. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాక మాత్రం ఆయన బండి మలుపు తిరిగిన చప్పుడు వినపడేదాకా నా ప్రాణం గుమ్మంలోనే ఉండేది.

అయితే ఒక చిక్కొచ్చింది. లారీలో గొంతు పెంచి, ఇంట్లో గొణిగితే ఆయన నలుగురి ముందూ దొరికిపోతారు. అందుకని ఇంట్లోనూ గట్టిగానే మాట్లాడటం మొదలుపెట్టాను. మామయ్యగారూ పప్పు వెయ్యనా, మామయ్యగారూ నీళ్ళు తోడాను అంటూ నేను వంటింట్లోంచి పెట్టే కేకలు నాలుగిళ్ళ అవతలికి వినపడేవి. ఊరికి ఇంకేం కావాలి. టీచరు ఉద్యోగం రాగానే కోడలికి కళ్ళు నెత్తికెక్కాయన్నారు, అత్తలేని ఇంట్లో ముసలాయన మీద కేకలేస్తోందన్నారు. బావి దగ్గర నేను రాగానే మాటలు ఆగిపోయేవి. మా ఆయన కూడా ఒకరోజు, నాన్న మీద ఎందుకలా అరుస్తావు, ఆయన నిన్నేమన్నాడు అని అడిగాడు. లారీ మోతలో మాట్లాడీ మాట్లాడీ అలవాటైపోయిందన్నాను. ఆయన నమ్మలేదు, అలాగని నాతో పోట్లాడనూ లేదు, కొన్నాళ్ళు మాత్రం నాతో ముభావంగా ఉన్నాడు. ఆ ముభావం నన్ను ఊరి మాటల కంటే ఎక్కువ బాధ పెట్టింది. అప్పుడప్పుడూ ఒట్టు తీసి గట్టున పెట్టేద్దామా అనిపించేది. మర్నాడు పొద్దున మామయ్యగారు లారీ అద్దం తుడుచుకుంటూ కనపడితే నోరు వచ్చేది కాదు.

ఆ మాట ఎలా పాకిందో గుంటూరు దాకా పాకింది. ఒక ఆదివారం మా నాన్న బస్సు దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో మామయ్యగారు, గుమ్మం దగ్గర మా ఆయన, స్తంభాన్ని పట్టుకుని నేను. మా నాన్న ఎప్పటిలాగే మెల్లగా మొదలుపెట్టాడు. ఆడపిల్లను కని, చదివించి, ఉద్యోగం వస్తే సంతోషించామని, ఈ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచీ అమ్మ అన్నం సరిగ్గా తినడం లేదని అంటూ నావైపు చూసి, "పెద్దల ముందు గొంతు లేపడం మన ఇంటా వంటా లేదమ్మా. మామగారి కాళ్ళకు దండం పెట్టు" అన్నాడు.

నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. మామయ్యగారికి ఒక్క ముక్కా వినపడలేదు. ఆయన మా నాన్న పెదాల్ని చూశారు, నా కళ్ళను చూశారు, ఏదో జరుగుతోందని మాత్రం తెలిసింది. "ఏమంటన్నారమ్మా మీ నాయనగారు?" అని నన్నే అడిగారు.

ఏం చెప్పను? మెల్లగా చెబితే ఆయనకు వినపడదు. గట్టిగా చెబితే మా నాన్న విన్న మాట నిజమైపోతుంది. స్తంభాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాను. నేను నోరు విప్పనిది ఎందుకో ఆయనకు ఒక్క నిమిషంలో అర్థమైపోయింది. మాట వినపడకపోయినా మనిషిని చదవడంలో ఆయన అప్పటికే ఆరితేరిపోయారు. కుర్చీలోంచి లేచారు.

"బావగారూ, అమ్మాయిని ఏమనబాకండి. నాకు చెవుడు. నాలుగు మాటలు నా చెవిన పడాలంటే ఆ పిల్ల అరవాల్సిందే. ఎవురికీ చెప్పబాకని నేనే ఒట్టేయించుకున్నా" అన్నారు, వీధంతా వినపడేలా. అరుగుల మీద ఉన్నవాళ్ళు ఇటు తిరిగి చూశారు. చూడాలనే ఆయన అంత గట్టిగా చెప్పారని నాకిప్పటికీ నమ్మకం.

చొక్కా జేబులోంచి లారీ తాళం తీసి, మా ఆయన చేతిలో పెట్టారు. ఎవరూ అడగలేదు. లారీ ఏ జబ్బూ లేకుండా, ఎత్తు మీద గేరు తగ్గించకుండా, కొత్తదానిలా లాగుతున్న రోజులవి. అలాంటప్పుడు దాన్ని వదులుకోవడం ఎంత కష్టమో ఆయన చెయ్యి చూస్తే తెలిసింది, తాళం ఇచ్చేశాక కూడా వేళ్ళు ఇంకా దాన్ని పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. మా నాన్న తలదించుకున్నాడు. ఎన్నాళ్ళుగానో ఆ తాళం కోసమే చూసిన మా ఆయన, అది చేతిలో పడ్డాక దానివైపు చూడనైనా చూడకుండా తండ్రికి దగ్గరగా పోయి, నాన్నా అన్నం తిందాం రా అని బిగ్గరగా అన్నాడు. మా ఆయన గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాత లారీ కొన్నాళ్ళు ఒక డ్రైవరు చేతిలో తిరిగింది, ఆనక అమ్మేశాం. నాకూ దగ్గర్లోని బడికి బదిలీ అయింది. మామయ్యగారు రోజూ పొద్దున నన్ను బస్టాండు దాకా దిగబెట్టేవారు, దారి పొడుగునా నేను అరుస్తూ, ఆయన నవ్వుతూ. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆయనకు పేపరు చదివి వినిపించేదాన్ని, మా వీధిలో పేపరు కొనని ఇళ్ళకు కూడా ఊరి వార్తలన్నీ నా నోటి మీదుగానే తెలిసేవి. నన్ను ఆడిపోసుకున్న ఆడవాళ్ళే అరుగుల మీద కూర్చుని, ఆ ధరల సంగతి మళ్ళీ చదువమ్మా అని అడిగేవారు.

ఇప్పుడు ఎంత మారిపోయింది. గుంటూరులో మేముండే మేడ మీదకి రోడ్డున పోయే లారీల చప్పుడు రానే రాదు, వాటికి మిస్సింగ్ కొడితే బండే అద్దం మీద అక్షరాల్లో చెబుతుందట. మా కోడలు మామగారి ఎదురుగా కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఆయన ప్లేట్లోంచే పకోడీ తీసుకుని తినేది, చూడటానికి నాకెంత ముచ్చటగా ఉండేదో. ఎవరి మీద ఎవరూ అరవరు, పక్క గదిలోంచి ఏదైనా కావాలంటే ఫోనులో మెసేజి పెడతారు. ఇది మంచి కాలమే, కాదనను. మా కాలంలో ఆ మర్యాదలు లేకపోయి ఉంటే, ఆయనకు వినపడటం లేదని మొదటి వారంలోనే తెలిసిపోయేది కదా.

మామయ్యగారు పోయాక కూడా నా గొంతు తగ్గలేదు. వడ్డించేటప్పుడు, తలుపు దగ్గర నిలబడి పిలిచేటప్పుడు అదే కేక. ఒకప్పుడు అరవొద్దన్న మా ఆయన ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట అనలేదు. అలా ఎన్నాళ్ళు గడిచాయో. ఒకరోజు మధ్యాహ్నం ఆయనకు వడ్డిస్తూ, ఇంకాస్త పప్పు వెయ్యనా అని అడిగాను, నాకు తెలియకుండానే, మా పుట్టింటి గొంతుతో, మెల్లగా. ఆయన తలెత్తి నన్నోసారి చూశాడు. ముద్ద చేతిలోనే పట్టుకుని, వాళ్ళ నాన్న ఆ పూటే పోయినట్టు ఉండిపోయాడు.